చిటికి కట్టింది అమ్మ, నేసింది బాబాయి, పేరు నాది

ఈ వారం తీసుకున్న ఉత్తరం చౌటుప్పల్ వైపు నుంచి వచ్చింది. పేరు, ఊరు రాయొద్దని అడిగింది, రాయడం లేదు. నన్ను అక్కా అని రాసింది కాబట్టి నేనూ చెల్లి అనే అంటాను. ఉత్తరం ఆరు పేజీలు ఉంది, ముందు దాన్ని కుదించి చెప్తాను.

ఈ చెల్లికి ముప్పై ఆరేళ్లు. చేనేత కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ గుంట మగ్గం ఆడుతోంది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ డిజైన్ కోర్సు చేసి, ఒక ఎగుమతి కంపెనీలో కొన్నేళ్లు డిజైన్లు గీసి, 2020 లాక్‌డౌన్‌లో ఊరికొచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు చేతిలో మూడు పనులు. ఇద్దరు మాస్టర్ వీవర్లకు, అంటే నేతగాళ్లకు నూలిచ్చి నేయించుకునేవాళ్లకు, ఇక్కత్ చీరల గ్రాఫులు (గళ్ల కాగితం మీద నమూనాలు) గీసిస్తుంది, నెలకు సగటున పన్నెండు వేలు వస్తాయి. వారానికి రెండు రోజులు హైదరాబాద్‌లో ఒక డిజైన్ కాలేజీలో గెస్ట్‌గా పాఠం చెప్తుంది, అవి పద్నాలుగు వేలు. మూడోది తన సొంత పని. మగ్గం మీద చివర మిగిలిపోయే పడుగు (నిలువు) దారాలు, చిటికి, అంటే రంగు తగలకుండా నూలు మీద వేసే కట్లు, విప్పాక పారేసే సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు, ప్రత్యేకంగా నేయించుకున్న ఇక్కత్ పట్టీలు కలిపి గోడకు వేలాడదీసే పెద్ద పెద్ద పనులు చేస్తుంది. పోయిన చలికాలం అందులో ఒకటి హైదరాబాద్ గ్యాలరీలో ఎనభై ఐదు వేలకు అమ్ముడుపోయింది.

ఇప్పుడు వచ్చి పడిన సమస్యలు రెండు. కాలేజీ వాళ్లు జూన్ నుంచి పూర్తి ఉద్యోగం ఇస్తామన్నారు, నలభై రెండు వేల జీతం, కానీ ఆరు రోజులు రావాలి, బయటి పని ఏదీ చేయకూడదు. భర్త చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో షిఫ్టుల్లో పని చేస్తాడు, ఉద్యోగం తీసుకొమ్మంటున్నాడు. తొమ్మిదేళ్ల పాప ఉంది. ఇంకోవైపు ప్రదర్శన పెట్టుకోవడానికి ఫిబ్రవరిలో పది రోజులకు గ్యాలరీ వాళ్లు హాలు ఇస్తామన్నారు, ఈమె మీ చీరలు పెడతానని పదకొండు మంది నేతగాళ్లకు మాట ఇచ్చేసింది, అందులో ఐదుగురు అడ్వాన్స్ అడుగుతున్నారు. "మూడింట్లో ఏది వదలాలి అక్కా? అసలు నేను డిజైనర్‌నా, టీచర్‌నా, ఆర్టిస్టునా? ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియట్లేదు" అని అడిగింది.

సంతకం పెట్టాక కింద ఇంకో పేరా ఉంది. అమ్ముడుపోయిన ఆ పనికి చిటికి కట్టింది వాళ్ల అమ్మ. పట్టీలు నేసింది బాబాయి. ఆయనకు మామూలు కంటే ఎక్కువే, తొమ్మిది వేలు కూలి ఇచ్చింది. గోడ మీద చీటీలో మాత్రం ఈమె పేరొక్కటే ఉంది. పేపర్లో ఫొటో వస్తే బాబాయి కొడుకు అందరి ముందు బయటికి చదివాడట. బాబాయి ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచి ఈమె పడుగు తన మగ్గం మీద ఎక్కించుకోవడం లేదు, ప్రతిసారీ ఏదో ఒక వంక. అమ్మ మాత్రం ఒక రాత్రి అన్నం పెడుతూ, "నా చేతులు నీకు కనవడ్తలేవా బిడ్డా?" అంది.

చెల్లీ, నీ ఉత్తరం రెండోసారి కింది నుంచి పైకి చదివాను. సంతకం తర్వాత రాసిన ఆ పేరానే అసలు ఉత్తరం అనిపించింది నాకు. ఉద్యోగం సంగతి, ప్రదర్శన సంగతి తప్పకుండా మాట్లాడుకుందాం, కానీ ఈ ముల్లు లోపల ఉండగా ఏ దారి పట్టినా నీకు కాలు ఆనదు. రేపు పదకొండు మందిని పోగు చేసి ప్రదర్శన పెడతానంటున్నావు, ఊళ్లో వాళ్లందరికీ మీ బాబాయి మగ్గం సంగతి తెలిసే ఉంటుంది. అడ్వాన్స్ అడిగిన ఆ ఐదుగురు ఎందుకు అడిగారో ఆలోచించావా? డబ్బు కోసమే కాకపోవచ్చు.

నాది గద్వాల. మా నాన్న నేసేటప్పుడు పక్కన కూర్చుని అంచు వైపు నాడె (అడ్డం దారం తీసుకుపోయే పనిముట్టు) అందించేదాన్ని. గద్వాల చీర తెలిసినవాళ్లకు తెలుసు, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండింటినీ పోగు పోగుకూ కలిపి నేయాలంటే ఒక్కరి చేతులు చాలవు, పక్కన ఇంకొకరు ఉండాలి. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకు తగిలించి గుంట పక్కన కూర్చునేదాన్ని. చీర షావుకారు దగ్గరికి పోయాక అది నాన్న నేసిన చీర. నాకు అప్పుడు కోపం రాలేదు, చిన్నపిల్లని. మా అక్కకు వచ్చేది, నాకంటే ఎక్కువ ఏళ్లు కూర్చుంది తను. అందుకే మీ అమ్మ అన్న మాట చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాల్సి వచ్చింది.

చిటికి పని బయటివాళ్లకు అర్థం కావడానికి కొంచెం చెప్తాను, నీకు తెలిసిందే. ఇక్కత్‌లో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నేతకు ముందే దారంలో ఉంటుంది. గ్రాఫ్ చూసి, పోగుల కట్టల మీద ఎక్కడ రంగు తగలకూడదో అక్కడ రబ్బరు ముక్కతో బిగించి కట్టాలి. అద్దాలి, ఆరబెట్టాలి, కొన్ని ముడులు విప్పాలి, కొత్తవి కట్టాలి, మళ్లీ ఇంకో రంగు. ఒక్క గీత పక్కకు జరిగితే చీర మొత్తం మసకగా కనిపిస్తుంది. అంతకు ముందు ఆసు పోయడం ఉంది. అర్ధచంద్రంగా నాటిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు తొమ్మిది వేల సార్ల దాకా చెయ్యి ఇటు నుంచి అటు పోయి రావాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆసు యంత్రం మీద ఏళ్ల తరబడి కూర్చుని 1999 నాటికి పూర్తి చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ జిల్లాలో ఈ కథ తెలియని ఇల్లు ఉండదు. ఆ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది, ఆ యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని.

ఇప్పుడు నీ ఎనభై ఐదు వేల లెక్క చూద్దాం. గ్యాలరీ కమీషన్ పోను చేతికి యాభై ఐదు వేలు వచ్చాయని రాశావు. నూలు, రంగులు ఆరు వేలు. బాబాయి కూలి తొమ్మిది. ఫ్రేము, బండి కిరాయి ఏడు. మిగిలింది ముప్పై మూడు వేలు, అది కూడా నాలుగు నెలల పనికి. అంటే నెలకు నీకు ఎనిమిది వేల చిల్లర. మీ అమ్మకు ఏమీ ఇవ్వలేదు, ఇంటి మనిషి కదా అనుకున్నావు. ఈ లెక్క నాకు రాశావు, మరి మీ బాబాయికి ఎప్పుడైనా చెప్పావా? ఆయన తలలో ఉన్న లెక్క వేరు. ఎనభై ఐదు వేలకు అమ్మింది, నాకు తొమ్మిది ఇచ్చింది, మిగిలింది డెబ్బై ఆరు. పేపర్లో పేరు లేకపోవడం ఒక నొప్పి అయితే ఈ డెబ్బై ఆరు ఇంకో నొప్పి. రెండూ కలిసిపోయి ఒకటే మౌనం అయిపోయింది. ఏ నొప్పి ఎంతో ఆయనకే తెలియాలి, నువ్వు ఊహించుకుంటే కుదరదు.

ఇక్కడ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఇక నుంచి ప్రతి పని కిందా పూర్తి చీటీ పెట్టడం. ఊహ, అమరిక ఫలానా, చిటికి ఫలానా, అద్దకం ఫలానా, నేత ఫలానా, ఊరి పేరు. దీనికి ఖర్చు ఏమీ లేదు. గ్యాలరీ వాళ్లు కొందరు నసుగుతారు, కొనేవాళ్లకు ఒక్క పేరే కావాలి అంటారు. కొంతవరకు నిజమే, నీ ధర కాస్త తగ్గినా తగ్గవచ్చు. రెండోది, ఇద్దరి పేర్లతో జంటగా చేయడం, అమ్మకంలో వాటా. వినడానికి ఇదే ధర్మంగా అనిపిస్తుంది, కానీ వాటా అంటే అమ్ముడుపోయే దాకా ఆగడం కూడా. నీ పని ఒకటి ఏడాదిన్నరగా గోడౌన్‌లో ఉందని నువ్వే రాశావు. మీ బాబాయి ఇల్లు వారం వారం కూలి మీద నడుస్తుంటే వాటా ఆయనకు మేలు కాదు, భారం. మూడోది, కూలి యథావిధిగా పని అయిన రోజే ఇచ్చేసి, అమ్ముడుపోయినప్పుడు పైన ఇంత శాతం అని ముందే రాసుకోవడం. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఇలా చేస్తున్నారు, మనస్పర్థలు తక్కువ, కానీ ప్రతిసారీ లెక్క చూపించాలి, ఒక్కసారి చూపించకపోయినా ముందు కంటే ఎక్కువ అనుమానం వస్తుంది. నాలుగోది, అసలు వాళ్లతో చేయించకుండా నీ చేతులతో నువ్వే కట్టుకుని నేసుకోవడం. పేరు గొడవ ఉండదు. పని చిన్నదవుతుంది, ఏడాదికి రెండు మూడు కంటే రావు, మీ అమ్మకు అది ఇంకో రకంగా తగులుతుంది.

ఏది ఎంచుకున్నా మొదటిసారి బాబాయి దగ్గరికి పోయినప్పుడు డబ్బు కవరు పట్టుకుని మాత్రం పోవద్దు. మన ఇళ్లలో పెద్దమనిషికి అలా డబ్బు చాపితే నోరు మూయించడానికి ఇచ్చినట్టు ఉంటుంది. మగ్గం దగ్గరికి పో, పొద్దున పూట, ఆయన మగ్గం మీద ఉన్నప్పుడు, మగ్గం చప్పుడులో మాట్లాడటం ఇద్దరికీ తేలిక. తప్పు జరిగింది బాబాయ్, చీటీలో నీ పేరు లేకపోవడం నా తప్పు, అను. తర్వాత లెక్క కాగితం చూపించు. ఆయన ఏం అంటారో వినాలి, వెంటనే సమాధానం చెప్పొద్దు. ఒకవేళ ఇంకా పడుగు ఎక్కించుకోనంటే, అది ఆయన హక్కు.

అమ్మ సంగతి వేరు. ఆమెకు లెక్కకాగితం అక్కర్లేదేమో. ఆమెను ఆ గ్యాలరీకి ఎప్పుడైనా తీసుకుపోయావా? ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక నువ్వు డిజైనర్‌వా, టీచర్‌వా, ఆర్టిస్టువా అన్న ప్రశ్న. దీని మీద నిద్ర పోగొట్టుకోవద్దు. బట్టల కళలో పేరు తెచ్చుకున్నవాళ్లను చూస్తే చాలామంది మూడూ చేశారు, ఒక్కో కాలంలో ఒక్కోటి ముందుకు వచ్చింది. ఆనీ ఆల్బర్స్ జర్మనీలో బౌహౌస్ అనే కళా, డిజైన్ బడిలో నేత శాలలో చేరింది, 1930లో ఆమె డిప్లొమా పని ఒక ఆడిటోరియం గోడకు బట్ట, చప్పుడు పీల్చుకోవాలి, వెలుతురు తిప్పికొట్టాలి, పక్కా డిజైన్ పని అది. 1933లో అమెరికాకు పోయి బ్లాక్ మౌంటెన్ కాలేజీలో పదిహేనేళ్లకు పైగా పాఠం చెప్పింది. 1949లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఆమె ఒక్కదాని పనులతో ప్రదర్శన పెట్టారు, నేత కళాకారిణికి అక్కడ అదే మొదటిది. మన దేశంలో కె.జి. సుబ్రమణ్యన్ గారు చిత్రకారుడు, బరోడాలో గురువు, మధ్యలో కొంతకాలం చేనేత బోర్డులో డిజైన్ విభాగం చూశారు. ఆయన శిష్యురాలు మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్లకు రంగులద్ది ముడులు వేసి మనిషంత ఎత్తు బొమ్మలు కట్టింది, ముడి తప్ప ఇంకే పనిముట్టూ పెద్దగా లేకుండా. నువ్వు రబ్బరు ముక్కలతో చేస్తున్న పని గురించి రాసినప్పుడు నాకు ఆమెనే గుర్తొచ్చింది. ఆమె బొమ్మల ఫొటోలు దొరికితే ముడులను దగ్గరగా చూడు, ఒక్కో ముడి ఎంత బరువు మోస్తుందో.

ఇంట్లో అడిగితే, నేత పని చేస్తాను, నేర్పుతాను అను. మన ఇళ్లలో అందరికీ అర్థమయ్యే మాట అది.

ఉద్యోగం దగ్గర మాత్రం నీకు నిజంగా ఎంచుకోవాల్సింది ఉంది. ఇప్పుడు నీ నిలకడ ఆదాయం ఇరవై ఆరు వేలు, ఉద్యోగంలో నలభై రెండు, తేడా పదహారు. పదహారు వేలు తక్కువ డబ్బు కాదు, పాప చదువు ముందుంది, భర్త షిఫ్టు పనిలో ఉన్నాడు, ఆయన ఉద్యోగం తీసుకో అంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ తేడాలో నుంచి రోజూ బస్సు ఖర్చు, రోడ్డు మీద పోయే మూడు గంటలు, సాయంత్రం పాపను చూసుకునే మనిషి, ఇవన్నీ తీసేసి చూడు. మిగిలేది ఏడెనిమిది వేలే అయితే, ఆ ఏడెనిమిది వేలకు నువ్వు ఇస్తున్నది నీ సొంత పని మొత్తం.

'బయటి పని చేయకూడదు' అన్న షరతు అర్థం ఏమిటో వాళ్లను రాతపూర్వకంగా అడుగు. చాలా చోట్ల వాళ్ల ఉద్దేశం ఇంకో కాలేజీలో పాఠం చెప్పొద్దు, కంపెనీలకు జీతానికి డిజైన్లు గీయొద్దు అని. ప్రదర్శనలో పని పెడితే కాలేజీకి కూడా పేరే, దానికి అడ్డు చెప్పని చోట్లు ఉన్నాయి. కానీ నోటి మాట నమ్మి చేరొద్దు. ఇంకో విషయం, కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద మొదటి హక్కు యజమానిది, వేరేగా రాసుకుంటే తప్ప. ఇంట్లో, సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో చేసిన పనులు నావి అని ఒక్క వాక్యం నియామక పత్రంలో చేర్పించగలిగితే సగం టెన్షన్ తీరుతుంది. వాళ్లు ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

నీ ముందు ఉన్నవి నాకు మూడు దారులుగా కనిపిస్తున్నాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్లు అని గడువు పెట్టుకోవచ్చు. డబ్బు కుదురుకుంటుంది, కాలేజీలో రంగుల అద్దకం గది, లైబ్రరీ, పెద్ద మగ్గాలు చేతికి వస్తాయి, పిల్లల్లో మంచి చేతులు కనిపిస్తాయి. కానీ రెండేళ్లు నాలుగవుతాయి, మా బ్యాచ్‌లో చాలామందికి అలాగే అయింది. ఆదివారం ఒక్కటే మిగిలితే ఆ రోజు బట్టలుతకాలి, పాపతో ఉండాలి. రెండోది, ఇప్పుడున్నట్టే గెస్ట్‌గా ఉంటూ రెండు రోజుల్ని మూడు చేయమని అడగడం. వాళ్లకు నువ్వు కావాలి కాబట్టే పిలిచారు, అడిగి చూడటంలో పోయేదేం లేదు. అప్పుడు తేడా పదహారు నుంచి తొమ్మిదికి దిగుతుంది. కానీ గెస్ట్ అంటే వేసవిలో జీతం లేదు, రేపు కొత్త ప్రిన్సిపాల్ వస్తే ఆ క్లాసులు ఉంటాయో ఉండవో. మూడోది, టీచింగ్‌ను ఊరికే తెచ్చుకోవడం. హైదరాబాద్ డిజైన్ కాలేజీల పిల్లలు ఇక్కత్ నేర్చుకోవడానికి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వస్తూనే ఉంటారు, ఒక రోజు చూసి ఫొటోలు తీసుకుని పోతారు. వాళ్లకు ఐదు రోజులు కూర్చోబెట్టి ఆసు, చిటికి, అద్దకం నేర్పే మనిషి కావాలి. ఇంగ్లీషులో చెప్పగలిగి, నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఇందులో మీ అమ్మ కూడా టీచరే, ఆమెకూ ఫీజు ఉంటుంది. మొదటి ఏడాది చేతికి పెద్దగా రాదు, వచ్చిన పిల్లలకు వసతి, బాత్రూమ్ దగ్గర నుంచి అన్నీ నువ్వే చూసుకోవాలి, పండగల నెలల్లో ఎవరూ రారు. భర్తతో కూర్చుని ఈ మూడింటినీ ఏడాది లెక్కలో కాగితం మీద వేసి చూడండి, నెల లెక్క మోసం చేస్తుంది.

మాస్టర్ వీవర్ల గ్రాఫుల గురించి ఒకే మాట. డబ్బు తీసుకుని వేరొకరి కోసం గీసిన డిజైన్ మీద డిజైన్ల చట్టంలో హక్కు గీయించుకున్నవాళ్లది. కాబట్టి నీ గోడ పనుల్లో వాడే నమూనాలను ఆ గ్రాఫుల్లో కలపకు, రెండు నోటుబుక్కులు పెట్టుకో. ఏదైనా నమూనాను డిజైన్‌గా రిజిస్టర్ చేయించే ఆలోచన ఉంటే ప్రదర్శనకు ముందే దరఖాస్తు చేయాలి, నలుగురికీ చూపించేశాక కొత్తది అనిపించుకోదు.

ఇప్పుడు ఫిబ్రవరి ప్రదర్శన. నువ్వు వాడిన మాట, ఆ పదకొండు మంది విన్న మాట ఒకటే అయినా అర్థం వేరే. మన నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఎగ్జిబిషన్ అంటే ఫంక్షన్ హాల్లో స్టాళ్లు, చీరల మీద డిస్కౌంటు, సాయంత్రానికి అమ్మకం. నువ్వు చెప్తున్నది పది రోజులు గోడ మీద వేలాడే చీరలు, తాకకూడదు, బహుశా అమ్ముడు కావు. ఈ తేడా నువ్వు వాళ్లకు విప్పి చెప్పావా? చెప్పకపోతే పదకొండో రోజు సంచులు పట్టుకుని నీ గడప ముందు ఉంటారు.

నాకు ఇది జరిగింది. చాలా ఏళ్ల కిందట నేను హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన చేశాను, గద్వాల, నారాయణపేట చీరలు, తొమ్మిది ఇళ్ల నుంచి. చీరలన్నీ అప్పు మీద తెచ్చాను, అమ్మిన వెంటనే డబ్బు ఇస్తానని. ప్రదర్శన బాగా జరిగింది, చీరలు చాలా అమ్ముడుపోయాయి, కానీ డబ్బు హాలు వాళ్ల ఖాతాలో పడింది, అక్కడి నుంచి నా చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఒక పెద్దాయన కూతురి పెళ్లి చేయాల్సి వచ్చి వడ్డీకి తెచ్చుకున్నాడు. నేను డబ్బు తీసుకుని పోయినప్పుడు మంచినీళ్లు ఇచ్చాడు, లెక్కపెట్టుకున్నాడు, ఒక్క మాట అనలేదు. మళ్లీ నాకు చీర ఇవ్వలేదు. ఆ ఇంటి ముందు నుంచి పోతే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే అడ్వాన్స్ అడిగిన ఐదుగురి మీద నువ్వు కోపంగా రాసినా నాకు మాత్రం వాళ్లు న్యాయంగానే అడిగారు అనిపించింది.

పదకొండు మంది పనులూ ముందే కొనేయాలంటే రెండున్నర లక్షలు కావాలని రాశావు. అప్పు చేసి కొంటే నేతగాళ్లకు భయం లేదు, భయమంతా నీది, మిగిలిన చీరలు నీ ఇంట్లో. నువ్వు దానికి సిద్ధంగా లేవని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇంకో పద్ధతి, పదకొండును నాలుగుకో ఐదుకో తగ్గించడం. ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే, అన్నిటికంటే మంచిది, దానికి ధరలో సగం ముందే చేతిలో పెట్టడం, మిగతా సగం ఫలానా తేదీన, అమ్ముడైనా కాకపోయినా, అమ్ముడు కాకపోతే పని వాపసు, సగం డబ్బు వాళ్లదే. ఇది చూపించినందుకు కిరాయి లాంటిది. అప్పుడు యాభై అరవై వేలలో పని అవుతుంది, కానీ మాట ఇచ్చిన ఆరేడుగురికి లేదని చెప్పాలి, ఊళ్లో అది చేదుగా ఉంటుంది. మూడోది, ఫిబ్రవరిని వదిలేసి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాటికి ముందు మీ ఊళ్లోనే పెట్టడం, ఏ మగ్గం షెడ్డులోనో, బడిలోనో. అమ్మకాలు ఉండవు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు తక్కువ. కానీ పదకొండు మందీ ఉంటారు, వాళ్ల పిల్లలు ఉంటారు, ఒకరి పని ఒకరు గోడ మీద చూస్తారు. ఊళ్లో మగ్గాలున్నా ఒకరి చీర ఇంకొకరు పూర్తిగా విప్పి చూసేది ఎప్పుడు? మడత పెట్టగానే షావుకారుకు పోతుంది. గ్యాలరీ వాళ్లు మళ్లీ తేదీ ఇస్తారో లేదో అన్న భయం ఉంది, అది ఉత్త భయం కాదు, మంచి హాళ్లు మళ్లీ మళ్లీ దొరకవు.

ఫిబ్రవరిలోనే పెడితే కొన్ని చిన్న సంగతులు. చీరను మేకులకు తగిలించకు, పై అంచు వెనక గుడ్డతో గొట్టంలా కుట్టించి అందులో కర్ర దూర్చితే బరువు అంతటా సమానంగా పడుతుంది, బట్ట లాగదు. తీసుకుపోయేటప్పుడు మడత వద్దు, లావు అట్ట గొట్టానికి పాత తెల్ల గుడ్డ చుట్టి దాని మీద చుట్టాలి. లైట్లు మరీ దగ్గరగా పెట్టనివ్వకు, మ్యూజియంలలో బట్టల మీద 50 లక్స్ వెలుతురు దాటనివ్వరు, పాతవి అరువు తెస్తే అది మరీ ముఖ్యం. ఎవరైనా తేలియా రుమాల్, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ, ఇస్తే దాన్ని అద్దం వెనక పెట్టొద్దు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి చేస్తారు, ఆ నూనె వాసన దాంట్లో ఉండిపోతుంది, చూడటానికి వచ్చినవాళ్లకు ఆ వాసన తెలియాలి. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఆ గుర్తింపు కింద నేతగాళ్లు తమ పేర్లు కూడా అధీకృత వాడుకదారులుగా నమోదు చేసుకోవచ్చు, నీ పదకొండు మందిలో ఎవరు చేసుకున్నారో కనుక్కో, చేసుకోనివాళ్ల ఫారాలు నింపి పెట్టు. ఇంగ్లీషు వచ్చిన మనిషిగా ఊరికి నువ్వు చేయగలిగిన పని అది, ప్రదర్శన ఉన్నా లేకపోయినా.

చీటీలు తెలుగులో కూడా రాయించు. ఇంగ్లీషులో ఉన్న చీటీని మీ బాబాయి తన కొడుకుతో చదివించుకోవాల్సి వచ్చింది కదా.

ఏది ముందు, ఏది తర్వాత అంటే, నేనైతే ఇలా పోతాను, నువ్వు మార్చుకో. ఈ వారంలో బాబాయి మగ్గం దగ్గరికి. తర్వాత పదకొండు మందినీ ఒకచోట కూర్చోబెట్టి ప్రదర్శన అంటే ఏమిటో, డబ్బు ఎప్పుడు వస్తుందో, రాకపోతే ఏమవుతుందో చెప్పడం, ఉండేవాళ్లు ఉంటారు. అప్పటికి గాని ఫిబ్రవరా ఆగస్టా అన్నది తేలదు. కాలేజీకి సమాధానం జూన్ దాకా టైం ఉంది, వాళ్లు తొందర పెట్టినా రాతలో షరతులు వచ్చే దాకా ఆగు.

ఫిబ్రవరిలో పెడితే తేదీ రాయి, వస్తాను. ముందు రోజు చీటీలు అంటించడానికి కూడా వస్తాను. మీ అమ్మను ఆ రోజే తీసుకురా, జనం రాకముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు.